మూడో పెట్టె

మా ఇంట్లో ఒక్క ఇటుక లేదు.
మూల విరిగిందని, గీత పడిందని,
నల్లటి ఒంట్లో చుక్క సరిగ్గా మెరవలేదని
చీమకుర్తి క్వారీల్లో ఓడెక్కకుండా మిగిలిన రాయి,
అదే మా గోడ.
జానెడు మందం.
లారీ కిరాయి తప్ప పైసా కాలేదని
మా మామ మాలకొండయ్య ఇప్పటికీ చెప్పుకుంటాడు.

నెట్టు డబ్బా వసారాలో బిగించి పోయాడు కేబులాయన.
వసారాలో నాలుగు గీతలు,
నడింట్లో రెండు,
వంటింట్లో ఉందంటే ఉంది.
వెనకగదిలో, మామ మంచం దగ్గర,
రాయి.

ఇరవై రెండేళ్లు డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని
చెవులు దానికిచ్చి ఇంటికొచ్చినోడు.
ఇప్పుడు ఫోన్లో వింటాడు, అంటే చదువుతాడు.
మనం మాట్లాడుతుంటే అక్షరాలై కింద పడే యాప్ ఒకటి
మా హేమలత పెట్టిచ్చింది.
వసారాలో కూర్చున్నంతసేపూ అందరి మాటా అందుద్ది.
మంచమెక్కాడా, తెరమీద గుండ్రం తిరుగుద్ది.
పక్కన కూర్చుని నువ్వెంత మాట్లాడు, గుండ్రమే.
మేం నవ్వితే మా మూతులు చూస్తాడు.
అడగడు.
దుప్పటి లాక్కుంటాడు.

ఒంగోల్లో, కర్నూలు రోడ్డు పక్క సందులో
పాత సామాన్ల షాపు. మూడు పెట్టెలు, పదకొండు వందలు.
ఒకదాని మీద ఏదో లాడ్జి స్టిక్కరు, రూమ్ నంబరుతో సహా.
ఒకదాని కొమ్ముకి బ్లాక్ టేపు.
"పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది ఎక్కించాలక్కా,
అప్పుడే మూడూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.
మధ్యలో కరెంటు పోయిందనుకో, ఇటుకైపోద్ది."
పోనీలేరా, మా ఇంటికి ఒకటన్నా చేరుద్ది అన్నా.
వాడికి అర్థం కాలేదు.

పాలిషింగ్ యూనిట్లో బిల్లులు రాసే చేతులు నావి.
రాత్రి పది దాటాక, మిషన్లు ఆగి
కరెంటు కుదురుకున్నాక,
పిన్నీసు మొనతో వెనక చిల్లు నొక్కిపట్టి
పది లెక్కపెట్టాను.
ఎరుపు. నారింజ. మళ్లీ ఎరుపు.
మొదటిది లేచింది.
రెండోది రెండుసార్లు చచ్చి లేచింది.
మూడోది పేరడిగింది.
మూడింటికీ ఒకటే పేరంట, ఒకటే పాస్‌వర్డంట,
ఏ గదికి పోయినా ఫోను
కొత్తచోటికి వచ్చినట్టు బెదరకూడదంట.

ఒకటి వసారాలో, ఒకటి మామ మంచం పక్కన.
మూడోదాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను
పొదుగుకి కోడిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని తిరిగినట్టు.
బీరువా మీద పెడితే, ఇనుము, మింగేసింది.
బియ్యం డ్రమ్ము పక్కన దొరికినట్టే దొరికి జారింది.
వసారాలోంచి మామ చూస్తున్నాడు.
ఏందని చెయ్యి తిప్పాడు.
ఆయన ఫోను దగ్గర కూర్చుని మెల్లగా చెప్పాను:
గోడ అడ్డం మామా. ఒకటి విని పక్కదానికి చెప్పుద్ది,
అది ఇంకోదానికి.

చదివాడు. మళ్లీ చదివాడు. లేచాడు.
"గుంటలో తూటా పెట్టినప్పుడు" అన్నాడు,
తన గొంతు తనకి వినపడనోళ్లు అనే గట్టితనంతో,
"పైనోడి కేక కిందోడికి అందదు.
మలుపులో ఒకడుండాలి.
ఇటూ కనపడాలి, అటూ కనపడాలి.
తొమ్మిదేళ్లు ఆ మలుపులో నేనే."
పెట్టె లాక్కుని
వంటింటి గుమ్మం పక్క గూట్లో
అగ్గిపెట్టె తీసేసి, కిరసనాయిలు బుడ్డి జరిపి,
పెట్టాడు.

నీలం.

మంచం మీద పడుకుని ఫోను గుండెల మీద పెట్టుకున్నాడు.
పక్కన ఎవరం లేం. తనే మాట్లాడి చూసుకున్నాడు.
వసారాలోకి వినపడింది: "తూటా! తప్పుకోండీ!"
వెళ్లి చూస్తే తెరమీద
తోట తప్పుకోండి, అని ఉంది.
"తోట కాదే, తూటా!"
మళ్లీ తోట.
మూడోసారి పీక పగిలేట్టు అరిచాడు.
వీధిలో కుక్కలు లేచాయి.
కిటికీ అవతల మస్తానమ్మ లైటేసింది.
"ఏందయ్యో మాలకొండయ్యా, ఈ రాత్రప్పుడు?"
ఒక్క అక్షరం పొల్లుపోకుండా
ఆయన గుండెల మీద పడింది.

చదువుకున్నాడు.
కిటికీ వైపు తిరిగి
"ఏం లేదమ్మా, పడుకో" అన్నాడు.